'పేపరులో పడినది', 'ఫోనులో వచ్చినది': గుంటూరు సీమ వాడుకలో వార్తను గూర్చిన అభిప్రాయములు

వార్తాపత్రికను గూర్చియు, అంతర్జాలమును గూర్చియు జనులు ఏమనుకొనుచున్నారో తెలిసికొనుటకు ప్రశ్నావళులు పంచుట నేటి పద్ధతి. దానిని మేము కాదనము. అయినను "మీరు దేనిని నమ్ముదురు?" అని అడిగినచో మనుష్యుడు కొంత ఆలోచించి, అడిగినవారికి నచ్చునట్టి సమాధానమును చెప్పును. తోడివారితో మాటలాడునపుడు మాత్రము క్రియాపదమును ఆలోచించి ఎన్నుకొనడు. ఆ క్రియలోనే అతని అసలు అభిప్రాయము దాగియుండునని మా తలంపు. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి, మిరప పండించువారి నోట మేము వినిన కొన్ని మాటలను ఈ దృష్టితో ఇచట పరిశీలించుచున్నాము.

గుంటూరు మిర్చియార్డునకు సరకు తెచ్చిన రైతుకు వార్త యనగా ముందుగా ధర. తేజకు ఎంత, బాడిగకు ఎంత, 334కు ఎంత, తాలుకాయకు ఎంత అనునదియే ఆతనికి ఆనాటి ప్రపంచవార్త. క్వింటాలుకు వేయి రూపాయలు అటునిటు అయినచో టిక్కీలను అమ్మివేయవలెనా, కోల్డు స్టోరేజిలో పెట్టవలెనా అనునది తేలిపోవును. ఇట్టిచోట తరచుగా వినబడు మాటలు మూడు: "నిన్నటి రేటు పేపర్లో పడింది", "పేపర్లో ఏశారు", "ఫోన్లో వచ్చింది".

'పడు' అను క్రియను చూడుడు. ముద్ర పడును, ముడి పడును, శిక్ష పడును, జరిమానా పడును. ఇవి యన్నియు ఒకసారి జరిగిన పిమ్మట సులభముగా మరలింపరానివి. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఈ 'పడు'నకు జంటగా 'వేయు' అను సకర్మకక్రియ ఉన్నది. ముద్ర వేసినవాడుండుటచే ముద్ర పడును. శిక్ష వేసినవాడుండుటచే శిక్ష పడును. అట్లే, వేసినవారుండుటచే వార్త పేపరులో పడును. కర్త వాక్యమున కనబడకున్నను క్రియ వెనుక నిలిచియే యుండును. చట్టము కోరునదియు ఇదియే. ముద్రించువాని పేరును, ప్రకటించువాని పేరును పత్రికపై అచ్చు వేయవలెనని 1867 నాటి చట్టము విధించినది. దాని స్థానమున వచ్చిన 2023 నాటి పత్రికల నమోదు చట్టము 2024 మార్చి 1 నుండి అమలులో నున్నది. చివరి పుట అడుగున నుండు ఆ పేరును రైతు ఎన్నడును చదువడు. కాని "ఏశారు" అనుటలో ఆ కర్తను గుర్తించుచునే యున్నాడు.

'వచ్చు' అట్టిది కాదు. వాన వచ్చును, జ్వరము వచ్చును, కల వచ్చును. ఎవరు తెచ్చిరని ఎవరును అడుగరు. ఫోనులోని మాటను బావమరది పంపెను. బావమరదికి పంపినవానికి ఎవరు పంపిరో ఇద్దరును ఎరుగరు. కొంతసేపటికి "వచ్చింది" కాస్త "వచ్చిందంట" అగును. ఆపై "తిరుగుతోంది" అగును. పూర్వము ఊరిలో పుకారు తిరిగెడిది. క్రియ మారలేదు, దారి మారినది. ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని వాట్సాప్ సంస్థ 2018లో మన దేశమున హద్దు పెట్టినది గాని, ఆ ఐదుగురును మరి యైదుగురికి పంపుటను ఏ హద్దు ఆపగలదు?

"పేపర్లో వచ్చింది" అని కూడ అందురు గదా యని పాఠకులు ఆక్షేపింపవచ్చును. నిజమే. కాగితమునకు 'పడు', యంత్రమునకు 'వచ్చు' అని గీత గీయుట పొరపాటు. మేము మొదట ఆ పొరపాటే చేసితిమి. మమ్ము సరిదిద్దినది వేరొక వాక్యము: "ఎకౌంట్లో డబ్బులు పడ్డాయి, ఫోన్లో మెసేజ్ పడింది." ఇదియు ఫోనే, అయినను ఇచట 'పడు'. ఈ సందేశము వెనుక బ్యాంకు కలదు; తప్పు దొరలినచో పోయి నిలదీయుటకు ఒక గుమ్మము కలదు. రైతు భేదము చూపుచున్నది కాగితమునకును తెరకును మధ్య కాదు. జవాబు చెప్పవలసినవాడున్న మాటకును, లేని మాటకును మధ్య. పల్లెవారు క్రొత్త యంత్రములను శంకింతురను వాదము ఈ ఒక్క వాక్యము ముందు నిలువదు.

2025 ఫిబ్రవరిలో మిరప ధర బాగుగా తగ్గినపుడు కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించినది. అది 2.91 లక్షల టన్నులకు పరిమితమనియు, సరకు కొనుట గాక ధరలోని వ్యత్యాసమును చెల్లించు ఏర్పాటనియు పత్రికలలో అంకె క్రిందనే అచ్చు పడినది. మేము చూచిన ఫోను సందేశములలో మాత్రము ఆ అంకె ఒంటరిగా నుండెను. యార్డునకు పోయినచో ఆ ధరకు కొందురని తలచినవారు మాకు తారసపడిరి.

పత్రికయందును నమ్మకము అంతట ఒకే తీరున లేదు. ధరల పట్టికకు 'అంట' చేర్చని మనుష్యుడే, అదే పత్రికలోని రాజకీయవార్తను చెప్పునపుడు "వాళ్ళ పేపర్లో ఏశారంట" అనును. 'వాళ్ళ' అనుటచే పత్రిక ఏ పక్షమునకు చెందినదో తెలిపినాడు. 'అంట' అనుటచే తాను పూచీ పడక తప్పుకొనినాడు. పత్రికాధిపతులు అమ్ముడైన ప్రతులను లెక్కించుకొనునట్లే ఈ 'అంట'లను గూడ లెక్కించుకొనిన బాగుండును.

ధరల పట్టికపైని, ఊరి వార్తపైని గల నమ్మకమునకు ఒక చరిత్ర యున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసున దినపత్రిక అయినది. అంతదూరమునుండి వచ్చు పత్రికలో పల్లెకు చోటు స్వల్పము. 1989లో ఈనాడు జిల్లా సంచికలను ప్రారంభింపగా, ఇతర పత్రికలును ఆ దారి పట్టినవి. ఊరి చెరువు, ఊరి బడి పేపరులో పడసాగినవి. అట్టి వార్త సరియో కాదో పాఠకుడు వీధిలోనికి పోయి చూచి తేల్చుకొనగలడు. దూరపు వార్తకు ఆ పరీక్ష లేదు.

పరిశోధకునకు ఇందులో ఒక నష్టము పొంచియున్నది. చీరాల చెంత వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను భద్రపరచి పరిశోధకులకు తీర్థమైనది. 1929లో గాంధీ మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పూర్వపు ప్రకాశము జిల్లాలోని ఈ ఊరు 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. బహుకాలము క్రిందటి వార్తను నేడును అచట చదువవచ్చును. 2025లో యార్డున చేతులు మారిన సందేశమును నేడే చూపగలవారు అరుదు. ఫోను నిండినపుడు మొదట తుడిచివేయునవి అవియే. సరకును ఆపుకొనుటకో, తెగనమ్ముకొనుటకో ప్రేరేపించిన మాట పోయి, ఆనాటి ధర మాత్రము మిగులును. ఏబది యేండ్ల తరువాత ఆ ధరను చూచువానికి రైతు అట్లేల చేసెనో బోధపడదు.

అట్టి సందేశములను పేర్లు తొలగించి, తేదీలతో వ్రాసియుంచుట పరిశోధక విద్యార్థులకు అప్పగింపదగిన పని. అందులో ఒక జాగ్రత్త అవసరము. మా మొదటి నోటుపుస్తకములలో "పేపర్లో ఏశారంట" అను మాటను "పత్రికలో ప్రచురింపబడినది" అని సంస్కరించి వ్రాసికొంటిమి. కర్తయు పోయెను, సందేహమును పోయెను. ఆ పుటలు ఎందుకును పనికిరాక, మరల యార్డునకు పోయి, క్రొత్తగా విని వ్రాసికొనవలసి వచ్చినది.