ఎం.సి.బి. మార్చే ముందు వైరు సైజు చూడండి

ఎండలు ముదిరేసరికి తిరుపతిలో ఏ.సి.లు బిగించేవాళ్లకు ఊపిరి సలపదు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలోనూ వాళ్లకు పని చాలా ఉంటుంది. ఆ ఇళ్లు కట్టినప్పుడు యజమాని లెక్కలో ఉన్నవి లైట్లు, ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్, మహా అయితే ఒక గీజరు. ఇప్పుడు అదే వైరింగు మీదికి రెండు ఏ.సి.లు, ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషిన్ వచ్చి చేరాయి. గోడలోని వైరు మాత్రం పాతదే. కొన్నాళ్లకు రాత్రిపూట ఎం.సి.బి. (కరెంటు మోతాదు మించితే తనంతట తాను పడిపోయే స్విచ్) పడిపోవడం మొదలవుతుంది. పిలిస్తే వచ్చిన మనిషి 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టి వెళ్తాడు. ఆ తర్వాత పడదు. ఇంటివాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. గోడలో వైరు కాగడం ఆ రాత్రి నుంచే మొదలవుతుంది.

ఎందుకో తెలియాలంటే వైరు లోపల జరిగేది చూడాలి. రాగి తీగ కరెంటును పోనిస్తుంది, కానీ కొంత అడ్డుకుంటుంది కూడా. ఆ అడ్డునే నిరోధం అంటారు. నిరోధం ఉన్నచోట వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లు. తీగ లావైతే నిరోధం తగ్గుతుంది, దాంతో వేడీ తగ్గుతుంది. సైజు ఎంచుకోవడంలో మొదటి లెక్క ఇదే.

ఈ వేడికి రాగి చెక్కుచెదరదు. దెబ్బతినేది దానిపైనున్న పి.వి.సి. తొడుగు. మామూలు రకం తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ దాకా ఓర్చుకుంటుంది. ఆపైన ప్రతి ఎనిమిది, పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. అది ఒక్క రాత్రిలో కరిగిపోదు. ఎండుతుంది, పెళుసుబారుతుంది, ఎక్కడో మలుపులో పగులుతుంది. అందుకే 32 ఎం.సి.బి. పెట్టిన ఇంట్లో మరునాడు ఏమీ కాదు. రెండు మూడేళ్ల తర్వాత జరిగినదానికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఇక కొలతలు. అంగట్లో ‘ఒకటిన్నర ఎం.ఎం.’, ‘రెండున్నర ఎం.ఎం.’ అని అడుగుతాం. అది తీగ మందం కాదు, అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో. వైరు మీద ప్లాస్టిక్ ఎంత మందంగా ఉన్నా ఈ లెక్కలోకి రాదు. ఏ పరికరం ఎన్ని ఆంపియర్లు (కరెంటు ప్రవాహానికి కొలత) తీసుకుంటుందో తెలియాలంటే దాని వాట్లను 230తో భాగించాలి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 లాగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏ.సి. పూర్తిగా పనిచేసేటప్పుడు ఏడెనిమిది తీసుకుంటుంది.

గోడలో పైపు గుండా వెళ్లే రాగి వైరు, చుట్టూ 40 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, ఒకటిన్నర సైజైతే 15 ఆంపియర్ల దాకా మోస్తుంది. రెండున్నర 20, నాలుగు 27, ఆరు 35. ఇవి సుమారు అంకెలు. కంపెనీ పట్టికల్లో ఒకటి రెండు అటూ ఇటూ ఉంటాయి.

పట్టికలో ఉన్న ఈ 40 డిగ్రీలు మన మిద్దె ఇంటికి సరిపోవు. పలమనేరు, కుప్పం ఎత్తు మీదున్నాయి, అక్కడ ఎండ కాస్త నయం. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వేసవిలో గాలి ఉష్ణోగ్రతే 40 దాటుతుంది. పైకప్పు శ్లాబులో పూడ్చిన పైపు ఇంకా వేడెక్కుతుంది, ఎందుకంటే రోజంతా ఎండ తాగిన శ్లాబు గాలికంటే వేడిగా ఉంటుంది, పొద్దుగూకినా తొందరగా చల్లారదు. మనం ఏ.సి. వేసేది సరిగ్గా ఆ వేళకే. చుట్టూ 50 డిగ్రీలుంటే, 20 ఆంపియర్లు మోయాల్సిన రెండున్నర వైరు 16 మాత్రమే మోయగలదు. ఒకే పైపులో లోడున్న మూడు సర్క్యూట్ల వైర్లు కుక్కితే ఒకదాని వేడి ఇంకొకదానికి తగులుతుంది, అందులోనూ దాదాపు మూడోవంతు పోతుంది. చివరికి 20 అనుకున్నది 11 దగ్గర ఆగుతుంది. ఇన్‌స్టంట్ గీజరుకు 13 కావాలని పైన చూశాం.

అందుకే నా అభిప్రాయం ఇది. కింది అంతస్తులో, వేరే పైపులో ఒంటరిగా వెళ్లే ఏ.సి. వైరు రెండున్నర చాలు. పై అంతస్తులో శ్లాబు గుండా వెళ్లేదైతే నాలుగు వేయించండి. ఇన్‌స్టంట్ గీజరుకూ నాలుగే. లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర. మీటరు నుంచి బోర్డుకు వచ్చే వైరు ఇంటి మొత్తం లోడును బట్టి ఆరో, పదో ఉండాలి. వైరు గోడలోకి పోయాక మార్చడం ఎంత కష్టమో ఇల్లు కట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక సైజు పెంచడానికి అయ్యే అదనపు ఖర్చు దాని ముందు చిన్నది.

ఇప్పుడు మళ్లీ ఎం.సి.బి. దగ్గరికి వద్దాం. చాలామంది అది ఏ.సి.ని కాపాడుతుందనుకుంటారు. అది కాపాడేది ముందుగా వైరును. కాబట్టి వరస ఇలా ఉండాలి: పరికరం లాగే కరెంటు కంటే ఎం.సి.బి. అంకె తక్కువ కాకూడదు, వైరు మోయగలిగే కరెంటు కంటే ఆ అంకె ఎక్కువ కాకూడదు. ఇంకో సంగతి. ఎం.సి.బి. తన మీద రాసిన అంకె దాటగానే పడిపోదు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్ల కరెంటును గంటసేపు పడకుండా మోయాలి. అంటే 32 ఆంపియర్లది 36 దాకా పోనిస్తుంది. దాని వెనక ఉన్నది రెండున్నర వైరైతే, తట్టుకోగలిగిన దానికి మూడు రెట్లకు పైగా వేడి పుడుతుంది. ఎం.సి.బి. మాత్రం కదలదు.

మన ప్రాంతంలో దూరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. చిత్తూరు పల్లెల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు కొత్త కాదు. ఇంటి బోరులో 500 అడుగుల లోతున, అంటే సుమారు 150 మీటర్ల కింద, పది ఆంపియర్లు లాగే సింగిల్ ఫేజ్ మోటారు ఉందనుకుందాం. కరెంటు దిగి, తిరిగి పైకి రావాలి, మొత్తం 300 మీటర్ల రాగి. రెండున్నర కేబుల్ వేస్తే దారిలోనే దాదాపు 22 వోల్టులు పోతాయి. పైన 230 ఉంటే మోటారుకు అందేది 208. ఊళ్లో వోల్టేజీ 200 ఉన్న సాయంత్రం దానికి చేరేది 178. వోల్టేజీ తగ్గితే మోటారు ఊరుకోదు, అదే నీళ్లు తోడటానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) కాలిపోతుంది. ఆరు కేబుల్ వేస్తే పోయేది 9 వోల్టులే. ఈ మోటారుకు కేబుల్‌ను వేడి లెక్కతో ఎంచుకుంటే రెండున్నర సరిపోతుంది, దూరం లెక్కతో సరిపోదు. ఏటా మోటారు రీవైండింగుకు పంపేవాళ్లు ఒకసారి కేబుల్ సైజు చూసుకోవాలి. పొలాల త్రీ ఫేజ్ మోటార్లకు లెక్క వేరు, దూరం తెచ్చే నష్టం మాత్రం అక్కడా ఉంది.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 694 అనే అంకె చూడండి. బరువూ చూడండి. 90 మీటర్ల రెండున్నర వైరు చుట్టలో రాగి ఒక్కటే ఇంచుమించు రెండు కిలోలు తూగుతుంది. తొడుగుతో కలిపి కూడా రెండు కిలోలు లేకపోతే రాగి తక్కువైనా ఉండాలి, అల్యూమినియం మీద రాగి పూతైనా అయివుండాలి. బ్లేడుతో గీకితే పూత కింద తెల్లగా కనిపిస్తుంది. ‘ఎఫ్.ఆర్.’ అని రాసి ఉంటే మంట త్వరగా పాకదని అర్థం, ఎక్కువ కరెంటు మోస్తుందని కాదు.

మంచి వైరు వేసినా అతుకు బాగా లేకపోతే అక్కడే కాలుతుంది. గోడ పైపు లోపల అతుకు ఉండకూడదు. ఎర్త్ వైరును ఏ పరికరానికీ ఎగ్గొట్టకండి. మనిషికి షాక్ కొడితే ఎం.సి.బి. గుర్తించలేదు. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపే స్విచ్) విడిగా ఉండాలి.

తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్.పి.డి.సి.ఎల్. ఇచ్చే బిల్లు మీద మీ ఇంటి కాంట్రాక్టెడ్ లోడు (సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) ఎన్ని కిలోవాట్లో ఉంటుంది. రెండు ఏ.సి.లు, గీజరు ఉన్న ఇంట్లో ఆ అంకె ఒకటో రెండో ఉంటే పెంచమని దరఖాస్తు చేసుకోండి, సందేహముంటే 1912కు ఫోన్ చేయండి. కొత్త ఏ.సి. కొనేముందు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత బోర్డు తెరిపించి, ఏ ఎం.సి.బి. వెనక ఏ సైజు వైరుందో చూపించమనండి. ఆ వివరాలు కాగితం మీద రాయించి బోర్డు తలుపు లోపల అంటించండి. ఎవరైనా వచ్చి పెద్ద ఎం.సి.బి. పెడతానంటే ముందు ఆ కాగితం చూపించండి.