ఆ 2 శాతంలోనే ఉంది అసలు కథ!

ఫైనలియర్‌లో క్యాంపస్‌ సెలక్షన్లలో నా పేరు రాలేదు. ప్రాజెక్టుకేమో నక్షత్రాల డేటా తీసుకున్నా. ‘ఇది మనకెందుకురా?’ అన్నారు ఫ్రెండ్స్‌. మీరూ అదే అంటారేమో! ముందు కథ వినండి.

దాదాపు 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి చుట్టూ వాయువులు, ధూళితో ఓ పెద్ద పళ్లెం తిరుగుతుండేది. అదే సౌర నీహారిక. బరువులో సుమారు 98 శాతం హైడ్రోజన్‌, హీలియమే. మన కాళ్ల కింది నేల, ఒంట్లోని ఇనుము, చేతిలోని ఫోన్‌ అన్నీ మిగతా 2 శాతంలోంచి వచ్చినవే.

సూర్యుడి దగ్గర వేడికి రాయి, లోహం తప్ప మరేదీ గట్టిపడలేదు. అందుకే బుధుడి నుంచి కుజుడి దాకా అన్నీ చిన్న రాతి గ్రహాలే. సూర్యుడి నుంచి మనకున్న దూరానికి సుమారు మూడింతలు వెళ్తే నీరు మంచుగా మారే చోటు వస్తుంది. దాన్ని ‘మంచు రేఖ’ అంటారు. అది దాటాక రాయికి మంచు తోడై ముడిసరకు పెరిగింది. గురుడు వేగంగా ఎదిగి, గ్యాస్‌ చెదిరిపోకముందే లాగేసుకున్నాడు. ఇప్పుడు ఆయన బరువు 318 భూములంత!

మరి పళ్లెంలో సరకే మారితే? నక్షత్రంలో ఇనుము రెట్టింపుంటే భారీ గ్రహం దొరికే అవకాశం సుమారు నాలుగింతలవుతుందని ఫిషర్‌, వాలెంటి 2005లో తేల్చారు. చిన్న గ్రహాలకు మాత్రం అంత పట్టింపు లేదు. ఆక్సిజన్‌ కంటే కార్బన్‌ ఎక్కువైతే మన రాళ్లలోని సిలికేట్లకు బదులు సిలికాన్‌ కార్బైడ్‌ లాంటివి ఏర్పడతాయని లెక్కలు చెబుతున్నాయి.

అక్కడికి ఎవరూ వెళ్లలేదు కదా, ఇదంతా ఎలా తెలిసింది? నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీస్తే, అందులోని నల్ల గీతలు ఏ మూలకం ఎంతుందో చెప్పేస్తాయి. అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్‌ శాస్త్రవేత్తలు మౌంట్‌ అబూలోని ‘పారస్‌’ పరికరంతో ఇలాంటి గీతల కదలికను కొలిచి, 2018లో ఓ గ్రహాన్ని నిర్ధారించారు. దాని బరువు సుమారు 27 భూములంత. అందులో 60-70 శాతం మంచు, సిలికేట్లు, ఇనుము లాంటివేనని వాళ్ల అంచనా.

ఇక్కడే మీకు పని ఉంది. గీతల్ని చదవడమంటే నాయిస్‌లోంచి సిగ్నల్‌ను వేరుచేయడమే. ఈసీఈ వాళ్లకిది సిలబస్సే. సీఎస్‌ఈ అయితే పైథాన్‌ చాలు. నాసా ఎక్సోప్లానెట్‌ ఆర్కైవ్‌లో డేటా ఉచితం, ఆస్ట్రోపై లైబ్రరీ కూడా ఉచితమే. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే జెస్ట్‌ పరీక్ష ఉంది. బీటెక్‌ వాళ్లకు అర్హత సంస్థను బట్టి మారుతుంది, ప్రకటన జాగ్రత్తగా చదవండి. సీట్లు తక్కువే, దాచడం లేదు.

అయినా ఆ పని వృథా పోదు. నేను శాస్త్రవేత్తను కాలేదు. కానీ ఆరు నెలల తర్వాత ఓ ఇంటర్వ్యూలో అరగంట ఒకటే అడిగారు: ‘ఈ డేటాలో నాయిస్‌ ఎలా తీశావ్‌?’ చెప్పా. ఆఫర్‌ లెటర్‌ వచ్చింది. ఈ ఆదివారం ఒక్క నక్షత్రం డేటా తెరిచి చూడండి.