పిల్లలతో భువనగిరి కొండ: తిరుగు బండి నుండి లెక్క

పిల్లలను కొండ మీదికి తీసికొనిపోవలెనని తలచిన ఉపాధ్యాయుడు సాధారణముగా మొదట వేసికొను ప్రశ్న "ఎన్ని గంటలకు బయలుదేరుదము?" అని. ఇది రెండవ ప్రశ్న కావలెను. "ఏ బండిలో తిరిగి వచ్చెదము?" అనునది మొదటిది. అద్దె వాహనము మన కొరకు కొంతసేపు ఆగును; రైలు గాని, ఆర్టీసీ బస్సు గాని ఆగదు. కావున ఇట్టి యాత్రకు కాలపట్టికను తుదినుండి మొదటికి వ్రాసికొనవలెను.

ఉదాహరణకు భువనగిరిని తీసికొందము. హైదరాబాదునుండి వరంగల్లు పోవు దారిలో, నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న ఈ ఊరికి ఉప్పల్ మీదుగా బస్సులు గలవు. సికిందరాబాదు-కాజీపేట రైలు మార్గము మీద స్టేషను కూడ ఉన్నది. ఊరి నానుకొని ఒకే రాతి గుండుగా సుమారు 500 అడుగులు, అనగా 150 మీటర్లు, లేచిన కొండపై పశ్చిమ చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన కోట యున్నది. బస్సు దిగి కొండ అడుగునకు నడచి పోవచ్చును. కొంతమేర మెట్లు, ఆపైన బోడి రాయి. ఎన్నడును కొండ ఎక్కని ఆరవ, ఏడవ తరగతి పిల్లలకు అనువైన ఎత్తు. చిక్కల్లా ఒక్కటే, దారిలో నీడ బహు తక్కువ.

నడకకు పట్టు కాలమును అంచనా కట్టుటకు స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రము చెప్పెను. నేటి కొలతలలో దానిని ఇట్లు చెప్పుదురు: ప్రతి 5 కిలోమీటర్ల దూరమునకు ఒక గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట. ఎక్కు దారి ఒక కిలోమీటరనుకొన్నచో దూరమునకు 12 నిమిషములు, ఎత్తునకు 15, వెరసి 27. అయితే ఇది అలవాటు పడిన పెద్దవాడు ఆగక నడచిన లెక్క. 24 మంది పిల్లల జట్టుకు దీనిని రెట్టింపు చేసి, విశ్రాంతి కాలము కలిపి, గంటంబావు వేసికొనుట నా పద్ధతి.

ఇంత ఎందుకని విద్యార్థులే అడుగుదురు. జట్టు వేగమనగా అందరి వేగముల సగటు అని వారి ఊహ. నిజమునకు అది అందరికంటె మెల్లగా నడచువాని వేగమే. ముందువాడు గంటకు 4 కిలోమీటర్లు, చివరివాడు 3 కిలోమీటర్లు నడచినచో అరగంటలో వారి నడుమ అర కిలోమీటరు ఎడము ఏర్పడును. అప్పుడేమగునో చూడుడు. ముందువారు ఆగి కూర్చుందురు. చివరివాడు రొప్పుచు వచ్చి చేరగానే, "అందరును వచ్చినారు, పదండి" అని లేతురు. బలవంతునికి పది నిమిషముల విశ్రాంతి, బలహీనునికి సున్న! ఇట్లు రెండు మూడు మార్లు జరిగినచో ఆ పిల్లవాడు కూలబడును. అదియు నోరు విప్పి చెప్పకుండ. అందుచే మెల్లగా నడచువారిని ముందు నడచు ఉపాధ్యాయుని వెనుకనే ఉంచవలెను. విశ్రాంతి కాలమును చివరివాడు కూర్చున్న క్షణమునుండి లెక్కింపవలెను. అందరికంటె వెనుక ఒక పెద్ద తప్పక ఉండవలెను. అతనిని దాటి ఎవ్వరును వెనుకబడరాదు.

ఇక శ్రమ సంగతి. 40 కిలోల పిల్లవాడు 150 మీటర్లు ఎక్కుటకు గురుత్వాకర్షణకు ఎదురుగా చేయు పని 40 × 9.8 × 150, అనగా 58,800 జౌళ్లు. సుమారు 14 కిలోకెలోరీలు. కండరములు తాము వ్యయించు శక్తిలో మహా అయిన నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు. కావున వ్యయము 56 కిలోకెలోరీలు. అందులో 42 ఒంటిలో వేడిగా మిగులును. ఒక గ్రాము చెమట ఆవిరియగునప్పుడు సుమారు 0.58 కిలోకెలోరీ తీసికొనిపోవును గనుక, ఈ వేడికి 72 గ్రాముల చెమట చాలును. ఇంతేనా అనిపించును! కాని ఎండ లెక్క వేరు. నడిమింటి ఎండకు ఎదురుగా నుంచిన ఒక చదరపు మీటరుపై గంటకు దాదాపు 860 కిలోకెలోరీల సౌరశక్తి పడును. పిల్లవాడు గ్రహించునది అందులో ఆరవ వంతే అనుకొన్నను గంటకు 140కి మించును. కొండ ఎక్కుటకంటె ఎండలో నిలిచియుండుటయే భారమన్నమాట. పైగా చిన్న శరీరమునకు బరువుతో పోల్చిన ఉపరితలము ఎక్కువ; గాలి చర్మముకంటె వేడెక్కిన దినములలో వేడి లోనికి త్వరగా చొచ్చును. వేసవిలో పిల్లలను ఈ రాతి మీదికి తీసికొనిపోరాదనుటకు ఇంతకంటె కారణము అక్కరలేదు. డిసెంబరు, జనవరి మాసములు మంచివి. ఒక్కొక్కరికి లీటరున్నర నీరు, తలకు టోపీ గాని రుమాలు గాని ఉండవలెను. దాహము వేయువరకు ఆగక 20 నిమిషముల కొకసారి కొలది కొలదిగా త్రాగించవలెను.

ఇప్పుడు పట్టిక వేయుదము. కోట ద్వారము 10 గంటలకు తెరతురనియు, 2 గంటలకు తిరుగు బస్సు కలదనియు అనుకొందము (ఈ రెండు వేళలను ముందుగా విచారించి తెలిసికొనవలెను). బస్సు స్టాండులో 1-45కు ఉండవలెను. కొండ అడుగునుండి 1-25కు కదలవలెను. అంతకుముందు నీడలో భోజనమునకు 45 నిమిషములు. కావున 12-40కి దిగియుండవలెను. దిగుటకు 55 నిమిషములు. అనగా 11-45కు వెనుదిరుగవలెను. 10 గంటలకు ఎక్కనారంభించిన 11-15కు శిఖరము. పైన అరగంట మిగులును. ఈ 11-45 పట్టికకు ప్రాణము. శిఖరము పది బారల దూరములో కనిపించుచున్నను, ఆ వేళకు ఎక్కడ నున్న అక్కడనుండి దిగవలెను. ఈ మాట బయలుదేరక ముందే పిల్లలకు చెప్పినచో పైన వాదన రాదు. ఆనాటి చివరి బండిని మాత్రము ఎన్నడును మన బండిగా పెట్టుకొనరాదు.

పైన దొరకిన అరగంటలో రాతిని చూపుడు. ఈ ప్రాంతపు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిది. భూగర్భములో మిక్కిలి ఒత్తిడిలో గట్టిపడి, పైనున్న శిలలు అరిగిపోయిన పిదప, ఒత్తిడి తగ్గి ఉల్లిపొరలవలె పొరలు విడుచును. కొండ గుండ్రముగా, నున్నగా ఉండుటకు ఇది ముఖ్యకారణము. ఆ నునుపే దిగునప్పుడు జారుటకును కారణము. రాతి మీది ఇసుక రేణువులు పాదము క్రింద గోళీలవలె దొర్లును. అలసిన తొడ కండరములు దిగునప్పుడే పట్టు తప్పును. కాబట్టి చిన్న అడుగులు, పరుగు నిషేధము. కమ్మి ఉన్నచోట కమ్మి పట్టుకొనవలెను. తేనెపట్లున్న చోట రాళ్లు రువ్వరాదు.

బస్సులో పిల్లలు తప్పిపోవుట ఎక్కునప్పుడు, దిగునప్పుడు జరుగును. ఒక పెద్ద మొదట ఎక్కవలెను, ఒకరు కడపట. పిల్లలకు 1 నుండి 24 వరకు అంకెలిచ్చి, ఎక్కిన వెంటనే వరుసగా పలికించవలెను. తలలు లెక్కించుటకంటె ఇది నమ్మదగినది, ఏ అంకె పలుకలేదో తెలియును గదా. ఎవడైన దిగబడినచో అక్కడనే నిలువవలెను; పెద్దవారొకరు తరువాతి స్టాపులో దిగి వెనుకకు వత్తురు.

తలనొప్పి, వికారము, కళ్లు తిరుగుట కనిపించినచో ఆ పిల్లవానిని నీడకు చేర్చి, నీరు త్రాగించి, మెల్లగా దింపవలెను. మాట తడబడినను, ఒళ్లు కాలుచు తెలివి తప్పుచున్నను అది వడదెబ్బ. వెంటనే ఒంటిని నీటితో తడిపి విసరుచు, 108కి ఫోను చేయవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు.

వారము ముందు ఉపాధ్యాయుడొకరు అదే బస్సులో, అదే వేళకు పోయి వచ్చుట ఉత్తమము. గడియారము చూచుచు ఎక్కి, నీడ ఎక్కడ నున్నది, మంచినీరు, మరుగుదొడ్డి ఎక్కడ దొరకును, ఫోను ఏ మలుపులో పలుకదు అను సంగతులను పుస్తకములో వ్రాసికొని వచ్చి, పై పట్టికలోని నా అంకెలను కొట్టివేసి తన అంకెలు వేసికొనవచ్చును.