విదేశీ నిధులు – హక్కుల కృషి: ఓరుగల్లు అనుభవం, పాలస్తీనా పరిస్థితి

కీలక పదాలు: పౌరహక్కుల సంఘం, నిజనిర్ధారణ, విదేశీ విరాళాలు, పాలస్తీనా, అల్-హక్.

1. ప్రవేశిక:

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చెల్పూర్ అనగానే నేడు కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం స్ఫురిస్తుంది. ఆ కేంద్రం రాకముందు, 1980, 90 దశకాలలో ఈ అటవీప్రాంతపు పల్లెల పేర్లు తరచుగా ‘ఎదురుకాల్పుల’ వార్తలలో కనిపించేవి. 1999 డిసెంబర్ 2న కొయ్యూరు అడవిలో పీపుల్స్‌వార్ అగ్రనాయకులు ముగ్గురు మరణించారు. కొయ్యూరు అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. నేడు చెల్పూర్ ఉన్న జిల్లాలోనే ఉంది. అవి ఎదురుకాల్పులని పోలీసులు ప్రకటించగా, వేరే చోట పట్టుకొని తెచ్చి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. ఇటువంటి ఘటనలపై ఊరికి వెళ్ళి, సాక్షులను కలిసి, నివేదిక రాసి అచ్చువేయడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించారన్నది హక్కుల సాహిత్యంలో అంతగా చర్చకు రాని ప్రశ్న. పాలస్తీనా హక్కుల సంస్థలు నేడు ఎదుర్కొంటున్న ఒత్తిళ్ళు ఆ ప్రశ్నను మళ్ళీ ముందుకు తెచ్చాయి.

2. చందాలపై నడిచిన సంఘం:

1970 దశకంలో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం గానీ, 1998లో ఏర్పడిన మానవహక్కుల వేదిక గానీ ప్రభుత్వ నిధులనూ విదేశీ నిధులనూ స్వీకరించలేదు. సభ్యుల చందాలు, శ్రేయోభిలాషుల విరాళాలు, ప్రచురణల అమ్మకమే వాటి ఆధారం. ఈ నియమం వల్ల 1976 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం గానీ, దాని స్థానంలో వచ్చిన 2010 చట్టం గానీ వాటి పనిని ఆపలేకపోయాయి. బ్యాంకు ఖాతాలు స్తంభించడంతో 2020 సెప్టెంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ భారతదేశంలో తన కార్యకలాపాలను నిలిపివేసింది. చందాలపై నడిచే సంఘాన్ని ఆ దారిలో మూయించడం కష్టం.

అయితే ఒత్తిడి మరో రూపంలో వచ్చింది. సంఘం ఉపాధ్యక్షులు, పిల్లల వైద్యులు డాక్టర్ ఎ. రామనాథం 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో తమ వైద్యశాలలోనే తుపాకి కాల్పులకు బలయ్యారు. 1991లో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి అదే నగరంలో హత్యకు గురయ్యారు. నిధుల స్వాతంత్ర్యం ప్రాణరక్షణ కాలేదు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. ఈ కృషికి ‘నిధులు లేవు’ అనడం పూర్తిగా సరికాదు. దాని వెనుక జీతాలు ఉన్నాయి. సంఘానికి 1983 నుండి ప్రధాన కార్యదర్శిగా ఉన్న కె. బాలగోపాల్ తొలి సంవత్సరాలలో కాకతీయ విశ్వవిద్యాలయ గణితాచార్యులు. 1985లో ఆ ఉద్యోగం వదులుకున్నారు. అధ్యక్షులు కె.జి. కన్నబిరాన్ న్యాయవాది. నిజనిర్ధారణ బృందాలలో అధ్యాపకులు, న్యాయవాదులు, వైద్యులు ఉండేవారు. సెలవురోజున బస్సెక్కి వెళ్ళి రాగలిగిన మధ్యతరగతి, అందులోనూ భద్రమైన ఉద్యోగం గల అధ్యాపకవర్గం ఉండబట్టే దాతలు లేని హక్కుల ఉద్యమం సాధ్యమైంది. ఏ రాజ్యాన్ని ప్రశ్నించారో ఆ రాజ్యపు వేతనమే కొంతవరకు ఆ ప్రశ్నను పోషించింది.

3. పాలస్తీనాలో మారిన ఆధారం:

పాలస్తీనాలో కూడా ఆరంభం దాతలతో జరగలేదు. 1987లో మొదలైన తొలి ఇంతిఫాదా కాలంలో మహిళా, వైద్య, వ్యవసాయ సేవలను స్వచ్ఛంద కమిటీలు నడిపాయి. 1993 ఓస్లో ఒప్పందం తరువాత విదేశీ సహాయం ప్రవాహంలా రావడంతో అనేక కమిటీలు ప్రాజెక్టులు, గడువులు, జీతాలు గల సంస్థలుగా మారాయి. నిధులతోపాటు షరతులూ వచ్చాయి. 2001 తరువాత అమెరికా సహాయ సంస్థ ఉగ్రవాద వ్యతిరేక ధ్రువపత్రంపై సంతకం కోరింది. ఐరోపా సమాఖ్య ఒప్పందాలలోని అటువంటి నిబంధనను అంగీకరించక బదీల్ అనే సంస్థ 2020లో తన గ్రాంటును కోల్పోయింది.

1979లో రమల్లాలో న్యాయవాదులు స్థాపించిన అల్-హక్ అనుభవం మరింత స్పష్టమైనది. 2021 మే నుండి దాదాపు 13 నెలలపాటు ఐరోపా కమిషన్ దాని నిధులను నిలిపివేసింది. అదే ఏడాది అక్టోబరులో ఇజ్రాయెల్ అల్-హక్, అద్దమీర్ సహా 6 సంస్థలను ఉగ్రవాద సంస్థలుగా ప్రకటించింది. తగిన సాక్ష్యం చూపలేదని 9 ఐరోపా దేశాలు 2022 జూలైలో ప్రకటించాయి. మరుసటి నెలలోనే ఇజ్రాయెల్ సైన్యం ఆ సంస్థల కార్యాలయాలపై దాడిచేసి మూసివేసింది. 2025 సెప్టెంబరులో అమెరికా అల్-హక్‌తోపాటు గాజాకు చెందిన అల్ మెజాన్, పాలస్తీనా మానవహక్కుల కేంద్రంపై ఆంక్షలు విధించింది. అవి అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి సహకరించాయన్నది దానికి చూపిన కారణం. అంటే ఏ పనికోసం నిధులు అందాయో, ఆ పని ఫలించే దశలోనే శిక్ష పడింది.

4. పోలికకు గల హద్దు:

పై రెండు అనుభవాలను పక్కపక్కన ఉంచి, పాలస్తీనా సంస్థలు కూడా ఓరుగల్లు బాట పట్టవలసిందని అనడం తొందరపాటు. రాకపోకలపై ఆంక్షలు, ముట్టడి, ఉపాధి లేమి ఉన్న సమాజంలో చందాలిచ్చే మధ్యతరగతి నిలదొక్కుకోదు. పైగా అంతర్జాతీయ న్యాయస్థానంలో నిలబడే ఆధారాల సేకరణ సెలవురోజుల పని కాదు. ఏళ్ళతరబడి పూర్తికాలపు న్యాయవాదులు, భద్రమైన దస్తావేజులు కావాలి. ఓరుగల్లు పద్ధతికి ఆ లోటు లేకపోలేదు. ఎదురుకాల్పుల మరణాలలో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలసిందేనని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పౌరహక్కుల సంఘం వేసిన కేసులో తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసింది. వేతనాలతో కూడిన న్యాయ విభాగం లేని సంఘం అంతటి దీర్ఘకాలపు వ్యాజ్యాన్ని నెట్టుకురావడం తేలిక కాదు.

ఓరుగల్లు పద్ధతికి ఆధారమైన అధ్యాపకవర్గం సైతం మునుపటిలా లేదు. నేడు కళాశాలలలో బోధనభారాన్ని చాలావరకు ఒప్పంద, అతిథి అధ్యాపకులు మోస్తున్నారు. నిజనిర్ధారణ నివేదిక కింద తన పేరు, కళాశాల పేరు రాసుకునే వెసులుబాటు, ఏటా పునర్నియామకపు ఉత్తర్వు కోసం వేచి ఉండే అధ్యాపకునికి లేదు.