జనాన్ని పంపివేసి కొండ ఎక్కిన ప్రభువు

పసుపు తవ్వే రోజుల్లో అంకాపూర్, ఆర్మూర్ ప్రాంతంలో ఒంటరిగా ఉండే వీలే దొరకదు. జనవరి నుండి మార్చి దాకా కొమ్ములు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టడం, నిజామాబాద్ మార్కెట్‌కు చేర్చడం... అన్నీ పదిమందితో చేసే పనులే. ఆ పనులు ముగియకముందే లెంటు దినాలు మొదలవుతాయి. పగలంతా కూలీల మధ్య, సాయంత్రం గృహకూటంలో.

ఆరాధన కాగానే మౌనంగా ఇంటికి వెళ్లిపోయే సహోదరుణ్ణి చూసి, ‘గర్వం’ అనో, ‘ఆత్మలో చల్లారిపోయాడు’ అనో మనం తీర్పు తీర్చేస్తాం. అతడు అలసిపోయి ఉండవచ్చు! 1921లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ మనుషుల్లో అంతర్ముఖులు, బహిర్ముఖులు ఉంటారని వివరించాడు. అంతర్ముఖుడు మనుషులను ద్వేషించేవాడు కాదు, ఏకాంతంలో తేరుకునేవాడు. అది రోగం కాదు, పాపమూ కాదు.

మార్కు సువార్త 6వ అధ్యాయం చూడండి. పరిచర్య నుండి తిరిగొచ్చిన శిష్యులకు వచ్చిపోయేవారి రద్దీలో భోజనానికైనా తీరిక లేదు. ప్రభువు వారిని విశ్రాంతికై ఏకాంత స్థలానికి పిలిచాడు. తీరా దోనె దిగేసరికి జనం ముందే చేరుకున్నారు. ఆయన విసుక్కోలేదు. కనికరపడి బోధించాడు, ఐదువేలమంది పురుషులకు ఆహారం పెట్టాడు. ఆ తర్వాత శిష్యులను దోనె ఎక్కించి, జనాన్ని తానే పంపివేసి, ప్రార్థనకు కొండకు వెళ్లాడు. ఏకాంతం ఆలస్యమైందే గాని, ఆయన దాన్ని వదులుకోలేదు. జనాన్ని పంపివేయడం కూడా ప్రేమలేని పనేమీ కాదన్నమాట.

కూటం నుండి వచ్చీరాగానే సెల్‌ఫోన్ తెరిస్తే మనసుకు విశ్రాంతి ఉండదు, అందులోనూ జనమే. “ఒక అరగంట నన్ను పలకరించకండి” అని ఇంట్లో ముందే చెప్పుకుంటే ఎవరూ నొచ్చుకోరు. పొలం ఉన్నవారికి గట్టు మీద నడక చాలు. కోతరోజుల్లోనైతే కూలీలు రాకముందటి వేకువే మిగులుతుంది. మార్కు 1:35లో ప్రభువు ఎన్నుకున్నదీ ఆ వేళనే.

సంఘం కూడా కాస్త ఆలోచించాలి. మౌనంగా ఉండే సిస్టర్ చేతికి సాక్ష్యం చెప్పమని మైకు ఇవ్వడం కంటే, మంచంపట్టిన ఒక్కరిని పరామర్శించే పని అప్పగిస్తే ఆమె సంతోషంగా చేస్తుంది. అయితే వారాల తరబడి నిద్రాహారాలు లేక, ఎవరితోనూ మాట్లాడక ముడుచుకుపోతుంటే అది స్వభావం అనుకొని ఊరుకోకూడదు. అయ్యగారితో ప్రార్థన చేయించుకోవాలి, డాక్టరు దగ్గరికీ వెళ్లాలి.