ఆడేవాడూ, ఆడించేవాడూ

ఇంట్లో కంప్యూటరు వుంటే చాలదు, దాన్ని గురించి ఒక తగాదా కూడా వుండాలనేది ఈనాటి సంసారాల ఆచారంగా కనబడుతున్నది. కొనమని పిల్లలు, కొంటే చెడిపోతారని తల్లి, కొనకపోతే వెనకబడతారని తండ్రి! యంత్రం లోగుట్టు ఎరిగినవారు బాపట్ల ఇంజనీరింగు కాలేజీలో ఎందరో వున్నారు. అయినా తెలుగు పాఠం చెప్పుకునే నాబోటివాడినీ ఈ తగవు తీర్చమంటున్నారు. తెనాలి, రేపల్లె, బాపట్ల—ఈ మూడు ఊళ్లలో నాకు ఎదురైన ప్రశ్నలు మూడు.

తెనాలి వ్యాపారస్థులు మొదట ధర అడుగుతారు. "మాస్టారూ, లక్ష పెట్టమంటున్నాడు మావాడు, పెట్టమంటారా?" ప్రోగ్రామింగు నేర్చుకోవడానికే అయితే అక్కరలేదండీ. లక్షలు మింగేది చదువు కాదు, బొమ్మలు జోరుగా కదిలే ఆటలు. పైథాన్, స్క్రాచ్ వంటివి ఉచితంగా దొరుకుతాయి, మామూలు యంత్రం మీద నడుస్తాయి. ఇంట్లోని పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తున్నదా? లోపలి హార్డ్ డిస్కు తీయించి ఎస్.ఎస్.డి. వేయించి చూడండి. చాలాసార్లు అదే లేచి పరుగెత్తుతుంది.

రేపల్లె తల్లుల బాధ వేరు. "ఆటలో పడితే అన్నం కూడా మరుస్తున్నాడండీ!" ఆట తప్పు కాదమ్మా. మన అమ్మమ్మలు వామనగుంటలు ఆడలేదా? అయితే ఆ ఆట దీపాలు పెట్టే వేళకు ముగిసేది. ఈ ఆటకు పొద్దు గూకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని రుగ్మతల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022లో అమలుకు వచ్చింది. గంటల లెక్క కాదు అందులో ముఖ్యం. ఆపుదామనుకున్నా ఆపలేకపోవడం, తిండీ నిద్రా చదువూ ఆట తర్వాతే కావడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం—ఇవి గుర్తులు. అంతదాకా రానివ్వకండి. రాత్రిపూట ఫోనును పడకగదిలోకి పోనివ్వకండి.

డబ్బు పెట్టే ఆట సంగతి మరీ వేరు. పేకముక్కల రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. ఆ మాట ఆన్‌లైన్ రమ్మీ నడిపేవారికి తర్వాత ఊతకర్ర అయింది. మన రాష్ట్రం 2020లో దాన్ని నిషేధించింది. నేర్పు ఆట అయినా, అదృష్టపు ఆట అయినా, డబ్బు పెట్టించే ఆన్‌లైన్ ఆటలు నడపరాదని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం వున్నచోట దొంగదారీ వుంటుంది. అందుచేత యు.పి.ఐ. పిన్ను పిల్లలకు తెలియనివ్వకండి. కొన్ని ఇళ్లలో ఈ హెచ్చరిక కొడుక్కి కాదు, తండ్రికే చెప్పవలసి వస్తుంది సుమా!

ఇక బాపట్ల విద్యార్థులు: "ఏ భాష నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందండీ?" ముందు తర్కం నేర్చుకోండి నాయనా. మన ఛందస్సే చూడండి. లఘువు, గురువు—రెండే గుర్తులు. మూడు చోట్ల వాటిని మార్చి మార్చి పెడితే ఎనిమిది గణాలు వస్తాయి, తొమ్మిదోది రాదు. కంప్యూటరుకూ సున్నా, ఒకటి రెండే. ఎనిమిది చోట్ల పెడితే 256 వస్తాయి. ఇటువంటి ప్రస్తారం పింగళుడు ఏనాడో చెప్పాడు. భ ర న భ భ ర వ వరసగా వస్తే ఉత్పలమాల అని గుర్తుపట్టే ప్రోగ్రాం రాసి చూడండి. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుందని చెప్పడం మరిచారో, యంత్రం తప్పు చెబుతుంది. ఆ తప్పు వెతికి దిద్దుకోవడంలోనే వున్నది అసలు చదువు. ఈ రోజుల్లో కృత్రిమ మేధ అడగ్గానే ప్రోగ్రాం రాసిపెడుతున్నది, నిజమే. అది ఒప్పో తప్పో తేల్చడానికి నియమం తెలిసిన మనిషి కావాలి గదా!

కనుక ఈ సెలవుల్లో ఆట మానమని పోట్లాడకండి. అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెట్టి, అష్టాచెమ్మా తయారుచేయమనండి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. ఎవరి కాయ ఎప్పుడు చావాలో, పంట ఎప్పుడు పండాలో యంత్రానికి వాళ్లే చెప్పాలి. తప్పులు పట్టే పని అమ్మమ్మకు అప్పగించండి. ఆవిణ్ణి మోసగించే ప్రోగ్రాం ఇంతవరకూ ఎవరూ రాయలేదు.