పనితీరు బాగాలేదనే సాకు

మనామాలో మా పక్క ఫ్లాటు తమ్ముడు ఆమధ్య ఒక ఉత్తరం పట్టుకుని వచ్చాడు. పనితీరు బాగాలేనందున ఉద్యోగం నుంచి తొలగిస్తున్నామని అందులో రెండే వాక్యాలు. అదే రోజు అదే ఉత్తరం వాళ్ళ ఆఫీసులో పదకొండు మందికి ఇచ్చారట! కిందటేడు ఇతనికి ఇంక్రిమెంటు కూడా ఇచ్చారు. పదకొండు మందికీ ఒక్కరోజే పని చేతకాకుండా పోతుందా?

ఈ సాకు ఎందుకో బహ్రెయిన్ కార్మిక చట్టం (2012 నాటి 36వ నంబరు) చూస్తే తెలుస్తుంది. సంస్థను కుదించి మనుషుల్ని తీసేయాలంటే, 110వ అధికరణం ప్రకారం ఉద్యోగికి నోటీసు ఇచ్చే 30 రోజుల ముందే కార్మిక శాఖకు కారణం చెప్పాలి. ఉద్యోగికి కొంత పరిహారమూ ఇవ్వాలి. పనితీరు మీదికి నెట్టేస్తే ఆ రెండూ తప్పించుకోవచ్చని యజమానుల ఆశ.

కానీ దానికీ 109వ అధికరణం ఉంది. లోపాలేమిటో ముందుగా తెలియజేసి, దిద్దుకోవడానికి కనీసం 60 రోజుల గడువివ్వాలి. అప్పటికీ మారకపోతేనే నోటీసు. మా తమ్ముడికి ఒక్కరోజు గడువు కూడా ఇవ్వలేదు.

కాబట్టి అలాంటి ఉత్తరం వస్తే కంగారుపడకండి. రాజీనామా చేస్తున్నాననో, బాకీలన్నీ ముట్టాయనో రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. అరబ్బీలో ఉంటే తెలిసినవారితో చదివించుకోండి. అప్రైజల్, ఇంక్రిమెంటు కాగితాలు ఇంట్లో దాచుకోండి. ఆలస్యం చేయకుండా కార్మిక శాఖలో ఫిర్యాదు చేయండి.

తమ్ముడు ఫిర్యాదు పెట్టాడు, ఇంకా తేలలేదు. "ఉద్యోగం పోయిందని అమ్మతో చెప్పగలనన్నా, చేతకానివాడినని తీసేశారని ఎలా చెప్పను?" అన్నాడు. ఆ మాట నిజం కానప్పుడు మనం ఒప్పుకోనక్కర్లేదు.